ఒంటిచెవి మార్కు సేమ్యా

ఆ రోజు ఇంట్లో ఉన్నది అవ్వ తిమ్మక్క, నాయన శ్రీరంగప్ప, అమ్మ రామక్క, అన్న రామదాసు, వదిన సుంకమ్మ, వదిన ఒళ్ళో పసిబిడ్డ, ఆ బిడ్డకు చెవులు కుట్టడానికి రాప్తాడు నుంచి వచ్చిన వీరాచారి, మోటారు, ఆంజిని.

మోటారును మనుషుల్లో కలిపింది అవ్వే. అది కోయంబత్తూరు నుంచి లారీలో వచ్చిన రోజు కొత్త కోడలికి ఇచ్చినట్టే హారతిచ్చి లోపలికి తెప్పించింది. అప్పటి నుంచి అందరూ తిన్నారా అని అడిగినప్పుడల్లా, మోటారుకు నూనె పోసినారా అని కూడా అడిగేది. ఇక ఆంజినిని ఎవరు లెక్కపెట్టినా చివరనే లెక్కపెట్టేవారు. ఆమె కుడిచెవిని మాత్రం అందరికంటే ముందు లెక్కపెట్టేవారు.

ఆ ఇంటి వ్యాపారం శావిగలు. పట్నంవాళ్ళు సేమ్యా అంటారు. అవ్వ పెళ్ళయి వచ్చిన నాటికి పడసాలలో శావిగల మాను ఒకటి ఉండేది. లావుపాటి దుంగలో తొలిచిన గుంతలో పిండి ముద్ద పెట్టి, దాని మీద పొడవాటి మాను అడ్డంగా వేసి, ఆ మాను కొసన మనిషి కూర్చుంటే, కింది చిల్లుల్లోంచి శావిగలు దిగేవి. కూర్చునే మనిషి మొదట తాత, తర్వాత నాయన. ఇద్దరూ బక్కమనుషులు కావడంతో ఒళ్ళో గుండ్రాయి పెట్టుకుని కూర్చునేవారు. అప్పట్లో అవి పెళ్ళిళ్ళకూ పండగలకూ ఒత్తుకునేవే. గంజికేంద్రాలు పెట్టిన కరువు ఏట అది వ్యాపారమయింది. ఆ ఏడు చేలల్లో పండింది ఎండ ఒక్కటే. దాన్ని ఏం చేసుకోవాలో ఊరందరిలో అవ్వకొక్కతికే తోచింది. పొద్దున ఒత్తిన శావిగలు మధ్యాహ్నానికి గలగలమనేవి. నాయన వాటిని గంపకెత్తుకుని బుక్కరాయసముద్రం దాకా తిరిగి అమ్ముకొచ్చేవాడు. తర్వాత ఆయన చేత్తో తిప్పే ఇత్తడి మిషను తెచ్చాడు. గుండ్రాయి గడప పక్కకు చేరింది. ఊళ్ళోకి కరెంటు వచ్చాక అన్న, తనే తిరిగి శావిగలు ఒత్తే ఈ మోటారు తెచ్చాడు. ఇత్తడి మిషను గుండ్రాయి పక్కకు చేరింది.

ఇన్ని మారినా మారనిది చెవి.

శావిగల పిండి ఎంత మెత్తగా ఉండాలో అవ్వకు వాళ్ళమ్మ చెప్పి అత్తవారింటికి పంపింది. చెవితమ్మె అంత మెత్తగా ఉండాలట. ఎవరి చెవితమ్మె అనేది ఆమె చెప్పలేదు, అవ్వ అడగలేదు. అవ్వ చెవులు బరువు కమ్మలకు సాగి, దండెం మీద గుడ్డల్లా వేలాడేవి. అవి కొలతకు రావు. అందుకని మొదట తాత చెవి పట్టుకునేది. ఒక చెయ్యి పిండి మీద, ఇంకో చెయ్యి తాత చెవి మీద, రెండూ ఒకటిగా తోచేదాకా నీళ్ళు చిలకరించేది. తాత పోయాక నాయన చెవి వచ్చింది. నాయనకు మీసాలు వచ్చి, ఆ వెనక చెవుల మీద వెంట్రుకలు కూడా వచ్చాక, ఇది చెప్పు తోలయిందని ఆ చెవిని వదిలేసింది. అన్న చెవిని బడిలో అయ్యవారు మెలిపెట్టి మెలిపెట్టి అప్పటికే పాడుచేశాడు. ఏం చేయాలా అని అవ్వ దిగులుపడే రోజుల్లో పసిబిడ్డ ఆంజినికి చెవులు కుట్టించారు. ఎడమచెవి కుట్టగానే అవ్వ ఆచారి చెయ్యి పట్టుకుంది.

"ఆచారీ, రెండోది నాకిడ్సిపెట్టు" అంది.

ఆచారి విడిచిపెట్టాడు.

అప్పటి నుంచి ఆంజినికి ఎడమచెవికి ఎర్రరాయి కమ్మ, కుడిచెవికి ఏమీ లేదు. జత కమ్మ దేవుడి గూట్లో కుంకుమ భరిణెలో ఉండిపోయింది. పద్నాలుగేళ్ళ పిల్ల ఆ భరిణె తెరిచి చూడని రోజు లేదు. బడిలో ఆడపిల్లలు ఆమెను ఒంటికమ్మ అనేవారు. ఎక్కడ కూర్చున్నా కుడివైపు గోడ ఉండేలా చూసుకునేది. గోడ లేనిచోట ఓణీ కప్పుకునేది. ఎవరైనా పలకరిస్తే మొహం పక్కకు తిప్పి ఎడమచెవితో మాట్లాడినట్టు మాట్లాడేది. దాంతో ఊళ్ళో సగం మంది ఆ పిల్లకు మెడ పట్టేసిందనుకున్నారు.

అన్న చాలనట్టు ఇంకో పని చేశాడు. అనంతపురంలో కాగితం సంచులు అచ్చువేయించి, వాటి మీద ఒక చెవి బొమ్మ వేయించాడు. కింద ఒంటిచెవి మార్కు సేమ్యా అని రాయించాడు. రాప్తాడు అంగళ్ళలో తన చెవి వరసలుగా వేలాడడం చూసి ఆంజిని ఆ తర్వాత అంగడి వీధికి పోలేదు. ధర్మవరం నుంచి సరుకు తీసుకునే తిప్పయ్య శెట్టి ఇంటికొస్తే, బిడ్డ ఎట్లుండాదని అడగడు. "చెవి బాగుందా అప్పా" అంటాడు. ఆంజినికి జ్వరమొస్తే తడిగుడ్డ మొదట చెవి మీద పడేది.

ఇప్పటి కష్టమంతా మోటారు వచ్చాక మొదలయింది. అవ్వ ఎప్పటిలాగే చెవి చూసి పిండి కలిపింది. మోటారు మాత్రం చేత్తో తిప్పినట్టు తిరగలేదు. రయ్యిమని తిరిగింది, పిండిని మింగింది, చిల్లుల అచ్చుబిళ్ళలోంచి శావిగలను దించింది. దించిన మరుక్షణమే అవన్నీ ఒకదానికొకటి అతుక్కుని బావి తాడు లావున ఒకటే పోగయ్యాయి. అవ్వ దాన్ని ఎత్తి చూసి, "ఇది శావిగ గాదు, ఎద్దును కట్టేయొచ్చు" అంది.

అన్నకు కరెంటు మీద అనుమానం.

"నీళ్ళలో నుంచి తీసిన కరెంటు గదా నాయనా. తడి మిగిలింటాది" అన్నాడు.

మెయిను ఆపి తీగంతా పొడిగుడ్డతో తుడిచాడు. మోటారును పొద్దున ఎండలో కాసేపు కూర్చోబెట్టాడు. శావిగలు తాళ్ళలాగే దిగాయి.

నాయనకు అనుమానం చెవి మీద. "పెరిగే వయసు. చెవి మెత్తబడిందేమో" అన్నాడు.

ఆంజినిని మిద్దె మీద శావిగల దండేల మధ్య కూర్చోబెట్టి, కుడిచెవి ఎండకు తిప్పించారు. పొద్దు తిరిగినప్పుడల్లా అమ్మ కింది నుంచి, "తిరగమ్మే, నీడలో పడ్తాంది" అని కేక వేసేది. ఆంజిని తిరిగేది. పక్కింటి మారెప్ప తలెత్తి చూసి, "ఏమప్పా శ్రీరంగప్పా, ఈయేడు బిడ్డను గూడా ఎండేసినారే. సంచికి యాడ పట్టిస్తారు" అని నవ్వుకుంటూ పోయాడు. చెవి ఎర్రబడింది. గట్టిపడలేదు. రాగిసంగటి పెడితే గట్టిపడుతుందేమోనని మూడు పూటలా సంగటే పెట్టారు. ఒళ్ళు గట్టిపడింది, చెవి ఎట్లున్నది అట్లనే ఉంది.

చెవులు కుట్టే రోజు పొద్దున కూడా శావిగలు తాడయ్యాయి. అన్న మోటారు ఆపి దాని పక్కనే చతికిలబడ్డాడు. అవ్వ పిండి చేతులతోనే వచ్చి, వదిన ఒళ్ళో నిద్రపోతున్న బిడ్డ మీదికి వంగింది.

"ఆంజిని చెవి పనైపోయింది. దాని కాలం తీరిపోయినట్టుండాది. ఈ బిడ్డకు ఎడమచెవే కుట్టు ఆచారీ. కుడిది నాకు కావల్ల" అంది.

వదిన బిడ్డను దగ్గరికి లాక్కుంది. "అవ్వా, ఆడబిడ్డ గదా" అంది.

"ఆంజిని మగబిడ్డనా? దానికేమయింది? ఒక కమ్మ మిగిలింది గదా ఇంటికి."

ఆంజిని స్తంభం వెనక నిలబడి ఉంది. కుడివైపు స్తంభం, ఎడమవైపు అందరూ. అవ్వ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థం కాగానే ఎవరికీ చెప్పకుండా దేవుడి గూటి దగ్గరికి పోయి భరిణె తెరిచి, కమ్మ తీసి, కుంకుమ దులిపి ఓణీ కొసన కట్టుకుని వచ్చింది. అమ్మ అది చూసింది. చూసి, కళ్ళతోనే ఆచారి వైపు నెట్టింది.

వీరాచారి సూది దీపం మంటలో కాల్చి చల్లార్చాడు. బిడ్డ ఎడమచెవి ఒక్క పోటులో అయిపోయింది. బిడ్డ ఊపిరి బిగబట్టి, మొహం నల్లగా చేసి, తర్వాత ఇల్లు అదిరేలా ఏడ్చింది. వదిన బిడ్డ నోట్లో బెల్లపు నీళ్ళు పోసింది. ఏడుపు సద్దుమణిగిందో లేదో, అవ్వ బొటనవేలూ చూపుడువేలూ పోయి బిడ్డ కుడిచెవిని పట్టుకున్నాయి. ఆ వేళ్ళ గరుకు ఆంజినికి తెలుసు. పొద్దున్నే చల్లగా, పిండి వాసనతో వచ్చి, ఒకసారి నొక్కి, ఒకసారి లాగి, ఇంకోసారి నొక్కుతాయి.

"చెవంటే ఇదీ. వెన్నపూస" అంది అవ్వ.

బిడ్డ మళ్ళీ మొహం ముడిచింది.

"రామ్మే ఆంజినీ, నీది గూడా ఐపోతాది. కూచో" అన్నాడు ఆచారి.

ఆంజిని పీట మీద కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గోడ లేని వైపు కుడిచెవి పెట్టి కూర్చుంది. ఎదురుగా వదిన. వదిన ఒళ్ళో బిడ్డ. బిడ్డ ఎడమచెవికి చిన్న తీగ పోగు, కుడిచెవి మీద అవ్వ వేళ్ళ పిండి గుర్తు. ఈ బిడ్డ బడికి పోతుంది. గోడ వెతుక్కుంటుంది. రాప్తాడు అంగళ్ళలో ఈ బిడ్డ చెవే వేలాడుతుంది. ఇంకో పక్క ఓణీ కొసన ముడిలో ఎర్రరాయి కమ్మ ఆమె మోకాలికి తగులుతోంది.

ఆచారి సూది ఎత్తాడు.

"ఆ చెవి ఇంకా మెత్తన" అంది ఆంజిని.

ఎవరికీ వినబడలేదు. ఆమె ఇంట్లో మాట్లాడితే ఎవరికీ వినబడదు. అమ్మకు మాత్రం వినబడింది. అమ్మ వెనక నుంచి ఆమె వీపు మీద చెయ్యి వేసి, "నోరు మూసుకోమ్మే. ముందు కుట్టించుకో" అని గొణిగింది.

"నా చెవి మెత్తగుంటేనే శావిగలు అతుక్కుంటాండాయి గదా. బిడ్డది నాకంటే మెత్తన. అయితే ఇంకా అతుక్కుంటాయి" అంది ఆంజిని.

ఈసారి అందరికీ వినబడింది. అన్న మోటారు దగ్గర నుంచి తలెత్తాడు. అవ్వ బిడ్డ చెవిని నొక్కింది, వచ్చి ఆంజిని చెవిని నొక్కింది, మళ్ళీ పోయి బిడ్డ చెవిని నొక్కింది. మళ్ళీ వచ్చింది.

"నిజమే. దీనిది దాని మీద గట్టే" అని ఒప్పుకుంది. తర్వాత తీరిగ్గా, "అట్లయితే దీన్నే ఉంచుకుందాం. బిడ్డకు రెండోది గూడా కుట్టు ఆచారీ, దీనిది వద్దు" అంది.

ఆచారి సూదిని బిడ్డ వైపు తిప్పాడు. వదిన కళ్ళనీళ్ళతో ఆంజిని వైపు చూసింది. అమ్మ నెత్తి మీద కొట్టుకుంది. బిడ్డ కుడిచెవి కూడా ఒక్క పోటులో అయిపోయింది. మళ్ళీ ఏడుపు, మళ్ళీ బెల్లపు నీళ్ళు. ఆచారి సూది తుడిచి సంచిలో పెట్టుకోబోయాడు. ఆంజిని పీట మీద నుంచి లేవలేదు. లేస్తే మళ్ళీ స్తంభం వెనక్కే పోవాలి. పోతే అవ్వ కాలం చేసేదాకా అక్కడే. అవ్వ చూస్తే మోటారు కన్నా గట్టిగా ఉంది.

"ఇంకా గట్టి చెవి కావల్ల" అంది ఆంజిని నేల వైపు చూస్తూ.

"యాడుండాదే? ఈ ఇంట్లో ఇంక చెవులు యాడుండాయి?" అంది అవ్వ.

ఆ మాటకు అందరూ ఒకరి చెవులు ఒకరు చూసుకున్నారు. అమ్మ చెవులు, వదిన చెవులు కుట్టినవి. అన్న చెవులు అయ్యవారు పాడుచేసినవి. ఆచారి తన చెవులకు పోగులు ఉన్నట్టు ముందే తల తిప్పి చూపించాడు. అంగడి పెట్టుకున్న మనిషినని, పొద్దున్నే రాప్తాడు నుంచి రాలేనని కూడా చెప్పాడు. నాయన ఒక్కడే ఎవరి వైపూ చూడకుండా పైకప్పు దంతెలు చూస్తున్నాడు.

నాయన ఎదుట ఆంజిని ఆ రోజు దాకా నోరు తెరిచి ఎరగదు. ఆయన గురించి ఆయన ముందే మాట్లాడడం ఆ ఇంట్లో అమ్మ కూడా ఎరగదు.

"నాయనది ఉండాది" అంది.

నాయన చూపు దంతెల మీద నుంచి దిగింది. బిడ్డ ఏడుపు ఆపింది.

"ఏమి మాట్లాడ్తాండావే? నేను పంచాయితీలో కూచునే మనిషిని. నా చెవి పట్టుకుంటే ఊళ్ళో ఎవురైనా నా మాట వింటారా" అన్నాడు నాయన.

"మీ నాయన గూడా పెద్దమనిసే. పొద్దున చెవి ఇచ్చి, పగలు పంచాయితీ చెప్పలేదా? దా ఇట్ల" అంది అవ్వ.

"అమ్మా, అది చెప్పు తోలని నువ్వే అంటివి."

"చెప్పు తోలే కావల్లంటాంది మోటారు. నేనేం జేసేది?"

ఆచారి సంచి కట్టడం మాని చూస్తూ కూర్చున్నాడు. అవ్వ నాయన చెవి పట్టుకుంది. దాని మీది వెంట్రుకలు ఒక పక్కకు దువ్వి, తమ్మెను రెండు వేళ్ళ మధ్య పెట్టి, కళ్ళు మూసుకుంది. రెండో చేత్తో పొద్దుటి పిండిలో పొడిపిండి చల్లుతూ పిసికింది. ఇంకా చల్లింది, ఇంకా పిసికింది. పిండి గరుకు రాయిలా అయింది. ఇంత గట్టి పిండి ఈ ఇంట్లో ఎప్పుడూ కలపలేదని, మోటారు పళ్ళు ఊడతాయని అన్న భయపడ్డాడు. నాయన ఒక కాలు మీద నిలబడి, నొప్పిని మీసాల కింద దాచుకున్నాడు.

పిండి మోటారులో వేశారు. అన్న మీట నొక్కాడు. మోటారు మూలిగింది, తిరిగింది. అచ్చుబిళ్ళ కింద మొదట ఏమీ రాలేదు. తర్వాత ఒక పోగు, పక్కన ఇంకో పోగు, ఆ పక్కన ఇంకొకటి, విడివిడిగా, పొడిపొడిగా, దువ్విన జుట్టులా దిగాయి. ఏ పోగూ పక్క పోగును ముట్టుకోలేదు. అవ్వ కట్టె మీదికి తీసి ఆరేసింది. దూరంగా పోయి చూసింది, దగ్గరికొచ్చి చూసింది.

"మన మాను మీద గూడా ఇట్ల దిగలేదు" అంది.

అన్న ముఖం వెలిగి, వెంటనే ఆరిపోయింది. "సంచి మీద బొమ్మ మార్చల్ల నాయనా. చెవికి వెంట్రుకలు గీయించల్లేమో" అన్నాడు.

"గీయించినావంటే ఇంట్లోకి రావద్దు" అన్నాడు నాయన, చెవి రుద్దుకుంటూ.

ఆ గొడవలో ఆంజిని ఓణీ కొస ముడి విప్పి, కమ్మ తీసి ఆచారి అరచేతిలో పెట్టింది. ఏమీ అడగలేదు. ఆచారి అవ్వ వైపు చూశాడు. అవ్వ శావిగల వైపు చూస్తోంది. ఆచారి సూది బయటికి తీశాడు. పోటు పడినప్పుడు ఆంజిని ఏడవలేదు. బెల్లపు నీళ్ళు మాత్రం అడిగి తాగింది.

రాత్రంతా చెవి సలసలమంది. అద్దంలో చూసుకుందామంటే రెండూ ఒకేసారి కనబడేంత పెద్ద అద్దం ఇంట్లో లేదు. అటు తిరిగి ఒకటి, ఇటు తిరిగి ఒకటి చూసుకుంది.

తెల్లవారుజామున కోడి కూయగానే అలవాటు కొద్దీ లేచింది. చెవికి పసుపూ నూనె రాసుకుని, పెరటి పక్కన ఉన్న పిండిగది వైపు నడిచింది. గాలి తగిలితే పిండి పైన పొర కడుతుందని, కలిపేటప్పుడు ఆ గది తలుపు వేసుకుంటారు. ఇన్నేళ్ళుగా ఆ వేసిన తలుపు లోపలే, చిన్న పీట మీద, కుడిచెవి అవ్వకిచ్చి, అర నిద్రలో కూర్చునేది. ఆ పీట మీద ఇప్పుడు నాయన కూర్చుని ఉన్నాడు. పీట చిన్నది కావడంతో మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒకప్పుడు గుండ్రాయి పెట్టుకున్నట్టే.

ఆంజిని గడప దగ్గర ఆగింది. లోపల దీపం వెలుగులో అవ్వ పిండి ముందు కూర్చుని, ఒక చెయ్యి తడుపుకుంటోంది. ఆంజిని ఒక కాలు గడప మీద పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకూ తెలియదు. లోపలి వాసన ఎప్పటిదే.

"నువ్వెందుకొస్తివే?" అంది అవ్వ.

 "లెయ్యడం అలవాటు" అంది ఆంజిని.

అవ్వ లేచి దగ్గరికొచ్చింది. చల్లటి వేళ్ళతో కుడిచెవి దాకా పోయి, ముట్టుకోకుండా ఆగి, ఎర్రరాయి కమ్మను చూసింది. కాస్త ఒరిగి ఎడమచెవి కమ్మను కూడా చూసింది. రెండూ జతేనా అని సరిచూసుకున్నట్టు చూసింది.

"ఇంకోసారి రావద్దు. నీకీడ పని ల్యా. పోయి పండుకో" అంది.

వెనక నుంచి నాయన, "అమ్మా, ఊళ్ళో వాళ్ళు లేస్తారు, తొందరగా కానీ" అన్నాడు.

"వస్తాండా, ఉండప్పా" అంటూ అవ్వ ఆంజిని కాలును తన కాలితో గడప అవతలికి నెట్టి, తలుపు వేసేసింది.